పటకా మీద రెండు వేళ్ళు

ఆగస్టు ఏడో తారీఖు వరద వచ్చిన ఏడు మొదలైన సంగతి ఇది. తైవాన్‌లో మా చాంగ్‌హ్వా వైపు నా వయసువాళ్ళు ఇప్పటికీ అలాగే లెక్క చెబుతారు. ఫలానావాడు వరదకు ముందు పుట్టాడా, తర్వాత పుట్టాడా అని.

నాకు మాటలు తక్కువ. రాత ఇంకా తక్కువ. జపాన్‌వాళ్ళ హయాంలో మూడేళ్ళు బడికి పోయాను. యుద్ధం అయిపోయింది, దాంతోపాటు బడీ అయిపోయింది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

నీళ్ళు తీశాక చూస్తే, నా చిలగడదుంపల చేలో ఒక పెద్ద తోలుపెట్టె బోర్లాపడి ఉంది. తెరిచాను. లోపల పట్టుబట్టలు, సవరాలు, ఎత్తుమడమల తెల్లబూట్లు. బట్టలు తీసి వెదురు కంచె మీద ఎండేశాను. నా చెప్పులు వరదలో పోయాయి. అందుకని బూట్లు తొడుక్కుని దుంపలు తవ్వడం మొదలుపెట్టాను.

"ఏయ్! యువరాజు బూట్లేసుకుని దుంపలు తవ్వుతున్నావా?"

తలెత్తాను. గట్టు మీద ఓ కుర్రాడు. పొట్టి జుట్టు, మోకాళ్ళదాకా బురద, నడుం మీద రెండు చేతులు.

"విప్పు ముందు!"

విప్పబోయాను. బురదలో దిగబడ్డ కాలు రాలేదు. గట్టిగా లాగితే వెల్లకిలా పడ్డాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు విన్నాక తెలిసింది, వాడు కాదు, ఆమె. పడ్డవాణ్ణి పడ్డట్టే ఉండిపోయాను.

"మూగవాడివా?"

"కాదు."

"దొంగవా?"

"కాదు."

"మరి ఈ పట్టుబట్టల్ని ఇంత ఎండలో ఎవరు ఆరెయ్యమన్నారయ్యా నిన్ను? ఈ పటకా చూడు, ఎండుచేపలా బిగుసుకుపోయింది! రేపు నా నడుముకి ఎలా చుట్టుకోను?"

ఆమె పేరు పిక్‌హా. పెట్టె వాళ్ళమ్మ ఖిమ్ అత్త నడిపే నాటకం కంపెనీది. మా పాటల నాటకాల్లో మగవేషం ఆడవాళ్ళే కడతారు. వాళ్ళ కంపెనీలో యువరాజంటే పిక్‌హానే. ఊరూరా ఆడవాళ్ళు ఆమెను చూడటానికి పొయ్యి మీద అన్నం కూడా వదిలేసి వచ్చేవాళ్ళు.

బట్టలు మడతపెడుతూ ఆమె మా గుడిసెలోకి తొంగిచూసింది. గోడకు నా కొబ్బరిచిప్ప ఫిడేలు వేలాడుతోంది.

"వాయిస్తావా?"

"దేవుడి ఊరేగింపులకి."

"మా ఫిడేలాయన వరద చూసి భయపడి కొండలెక్కి కూర్చున్నాడు, దిగనంటున్నాడు. వస్తావా?"

బూట్లు ఇచ్చేసి ఆమె వెనకాలే నడిచాను. ఎందుకు నడిచానో ఆ రోజు నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగేవాణ్ణి కాదు.

కంపెనీలో నా అసలు పేరు బోక్‌చుయ్ ఎవరికీ పట్టలేదు. పిక్‌హా నాకు 'బూట్ల దొర' అని పేరు పెట్టింది. అదే స్థిరపడింది.

మొదటి రోజే నాకు దిమ్మతిరిగింది. నాటకం మొదలు కావడానికి ముందు ఖిమ్ అత్త అందరినీ కూర్చోబెట్టి కథ చెప్పింది. రాజు ఇలా అంటాడు, రాణి అలా అలుగుతుంది, చివరికి కలుస్తారు. అంతే. కాగితం లేదు, పాఠం లేదు.

"పాటలేవి?" అన్నాను డోలు వాయించే బాన్ మామతో.

"ఎవరికి తెలుసు? పాడేటప్పుడు పుడతాయి."

"మరి నేనేం వాయించాలి?"

"ఆ పిల్ల చేతులు చూడు. అంగీ ఎడమచేతి అంచు పట్టుకుందంటే ఏడుపు వరస. పటకా మీద రెండు వేళ్ళు పెట్టిందంటే ఏడుమాటల వరస. మాట పుట్టేలోపు నీ తీగ మోగాలి. ఆలస్యమైతే ఆమె నోరు తెరుచుకుని నిలబడిపోతుంది, జనం నిన్ను వేరుశెనక్కాయలతో కొడతారు."

ఏడుమాటల వరసంటే నాలుగు చరణాలు, చరణానికి ఏడు మాటలు. మా వాళ్ళు దాంట్లో ప్రేమ చెప్పుకుంటారు, తిట్టుకుంటారు, కూరలు బేరమాడతారు. ఒకరు పాడితే ఎదుటివాళ్ళు జవాబు పాడి తీరాలి.

అలా నా పనే పిక్‌హా చేతులు చూడటం అయింది. వేరే ఏ మగవాడైనా అంతసేపు చూస్తే చెంప పగిలేది. నాకు మాత్రం అది ఉద్యోగం.

అది పిక్‌హా కనిపెట్టింది. కనిపెట్టి ఆటపట్టించడం మొదలుపెట్టింది. అందరం నూడుల్స్ తింటుంటే ఎదురుగా కూర్చుని, ఏమీ ఎరగనట్టు, నడుం మీద రెండు వేళ్ళు పెట్టేది. నేను గిన్నె కింద పడేసి ఫిడేలు అందుకునేవాణ్ణి. కంపెనీ అంతా పగలబడి నవ్వేది.

"చూశావా అత్తా? మీ అమ్మాయి తుమ్మినా వీడు శ్రుతి పెట్టేలా ఉన్నాడు," అనేవాడు బాన్ మామ.

ఖిమ్ అత్త మాత్రం నవ్వేది కాదు. నన్ను ఓసారి చూసి, కూతుర్ని ఓసారి చూసి, తన గిన్నెలో నూడుల్స్ గట్టిగా జుర్రేది.

మరుసటి ఏడు వానలు మొదలయ్యే నెలలో ఖిమ్ అత్త ఒక మాట చెప్పింది.

"నాటక పోటీకి పేరిచ్చాను. వరద తర్వాత మన ఆటకు జనం లేరు, తెలుసుగా. గెలిస్తే పెద్ద ఊరు హాల్లో ఏడాది పొడుగునా ఆట. ఓడితే..." ఆగింది. "ఓడితే కంపెనీ మూసేస్తాను. పిక్‌హాని మిల్లు దొరసాని తన కొడుక్కి అడుగుతోంది. ఇచ్చేస్తాను. అదైనా కడుపునిండా తింటుంది."

మిల్లు దొరసాని అందరికీ తెలుసు. బియ్యం మిల్లు ఆమెది. ప్రతి ఆటకూ ముందువరసలో కూర్చుని, పిక్‌హా స్టేజీ మీదకు రాగానే కళ్ళు తుడుచుకునేది. వారానికోసారి కోడి పులుసు పంపేది. ఆ పులుసు నేనూ తాగాను.

పిక్‌హా తన తల్లి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఫిడేలు వైపు చూశాను.

పోటీకి ఒక షరతుంది. నాటకమంతా ముందే రాసి ఇవ్వాలి. జడ్జీలు ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని కూర్చుంటారు. మాట తప్పితే మార్కు పోతుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పాట కూడా రెండోసారి అలాగే పాడని మనుషులకి అది శిక్ష.

తైపే నుంచి యాప్ మాస్టారు వచ్చి నాటకం రాశారు. సన్నటి మనిషి, లావు కళ్ళద్దాలు. మంచాయన. కానీ ఆయన రాసింది చూసి బాన్ మామ డోలు పుల్లలు కింద పెట్టేశాడు. చివరి అంకమంతా పాటే. మధ్యలో ఒక్క మాట లేదు. వరస మీద వరస, గుక్క తిప్పుకోకుండా మారుతుంది.

"మాస్టారూ, మధ్యలో ఊపిరెక్కడ తీసుకోవాలి?" అంది పిక్‌హా.

"అది కళాకారుడి ఇష్టమమ్మా."

"అయితే నేను ఇంటికెళ్ళి తీసుకుంటా."

మాలో చదువొచ్చినవాళ్ళు లేరు. మాస్టారు ఒక్కో చరణం చదివేవారు, అందరూ చంటిపిల్లల్లా అప్పజెప్పేవాళ్ళు. రిహార్సలు పాత చక్కెర గోదాములో. పైన రేకులు, రేకుల మీద వాన. వాన పెరిగితే మాస్టారు అరిచేవారు. తగ్గితే అరుస్తూనే ఉండేవారు, పాపం తెలిసేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం వాన మరీ గట్టిగా కొట్టింది. అందరూ ఒక మూలకు చేరారు. గోదాము రెండో మూల చూరు కారకుండా ఉన్నది ఒక్క చాపంత చోటు. అందులో నేను, నా ఫిడేలు. పిక్‌హా తన పీట లాక్కుని వచ్చి కూర్చుంది. భుజం తగిలింది. తడి జుట్టు, వేరుశెనక్కాయల వాసన.

"బూట్ల దొరా."

"ఊఁ."

"అమ్మ చెప్పింది విన్నావుగా?"

"ఊఁ."

"మిల్లువాళ్ళ అబ్బాయి మంచివాడేనట. సైకిలు కూడా ఉందట."

నేను తీగ మీద దుమ్ము తుడిచాను.

"నీకేమైనా చెప్పాలని ఉందా?"

ఉంది. వరద నీళ్ళంత ఉంది. నోరు తెరిచాను.

"పై తీగ మార్చాలి," అన్నాను.

"ఏంటి?"

"పాతబడింది."

చేతిలో ఉన్న వేరుశెనగ తొక్కలన్నీ నా నెత్తిన కుమ్మరించి వాన్లోకి వెళ్ళిపోయింది. నేను తొక్కలు దులుపుకోలేదు. సాయంత్రందాకా అలాగే కూర్చున్నానని బాన్ మామ తర్వాత అందరికీ చెప్పాడు.

ఆ రోజు నుంచి పిక్‌హా నూడుల్స్ తినేటప్పుడు నడుం మీద వేళ్ళు పెట్టలేదు.

పోటీ రోజు మధ్యాహ్నం మా వంతు వచ్చింది. హాలు నిండింది. మొదటి వరసలో ముగ్గురు జడ్జీలు, ఒళ్ళో కాగితాలు. వాళ్ళ పక్కనే మిల్లు దొరసాని, చేతిలో రుమాలు. స్టేజీ పక్క తెర చాటున యాప్ మాస్టారు, పెదాలు కదుపుతూ.

వాద్యాలవాళ్ళం స్టేజీకి ఎడమ పక్క కూర్చుంటాం. అందరికీ కనబడతాం. ఎవరూ చూడరు.

నాటకం నడిచింది. ఒక్క మాట తప్పలేదు. జడ్జీలు ఒకేసారి పేజీ తిప్పుతుంటే చప్పుడు వినబడేది. జనం మాత్రం దగ్గుతున్నారు. వెనక ఎవరో ఆవలించారు. కథలో యువరాజు మారువేషంలో ఊళ్ళు తిరిగి వచ్చి, తాను ప్రేమించిన నేతపిల్ల ముందు నిలబడతాడు. అదే చివరి అంకం. ఊపిరి దొరకని పాట.

పిక్‌హా బాగా పాడుతోంది. చివరికి వచ్చేశాం. తర్వాత ఏడుపు వరస, ఆ తర్వాత తెర. నా వేళ్ళు ఏడుపు వరసకు సిద్ధంగా ఉన్నాయి.

అప్పుడు ఆమె కుడిచెయ్యి నడుం మీదకు వెళ్ళింది. పటకా మీద రెండు వేళ్ళు.

ఈ ఏడాదంతా ఆ చేతిని చూసి బతికినవాణ్ణి. బుర్ర 'కాగితం, కాగితం' అని అరుస్తోంది. చెయ్యి వినలేదు. ఏడుమాటల వరస ఎత్తుకున్నాను.

బాన్ మామ పుల్ల గాల్లో ఆగిపోయింది. వేణువాయన నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు. నేతపిల్ల వేషం కట్టిన అమ్మాయి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. తెర చాటున యాప్ మాస్టారు నెమ్మదిగా నేల మీద కూలబడ్డారు. ముగ్గురు జడ్జీలూ పేజీలు ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు.

అందరికంటే ఎక్కువ అదిరిపడింది పిక్‌హా. యువరాజు కళ్ళు గిర్రున నా వైపు తిరిగాయి. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు. తీగ మాత్రం ఆపలేదు. ఆపితే ఆమె నోరు తెరుచుకుని నిలబడిపోతుంది.

ఆమె ఒక్క గుక్క ఊపిరి పీల్చింది. నేతపిల్లను వదిలేసింది. బూట్ల చప్పుడు చేసుకుంటూ స్టేజీకి ఎడమ పక్కకు, మా వైపుకు నడిచింది. పాడింది.

వరదలో కొట్టుకొచ్చిన నా బూట్లు తొడిగినవాడా, ఇటు చూడు.
ఏడాదిగా నా పాట వెంటే నడిచి అలసి పోలేదా?
కొబ్బరి చిప్పకున్న నోరు నీకు మాత్రం ఎందుకు లేదు?
రేపు నన్నెవరో తీసుకుపోతే నీ తీగ ఎవరికోసం మోగేది?

దగ్గులు ఆగాయి. తర్వాత వెనకవరసలో ఎవరో ఆడమనిషి "అయ్యో అమ్మా!" అంది. అంతే, హాలంతా నిద్ర లేచినట్టు లేచింది.

"ఎవర్రా వాడు?"

"ఫిడేలువాడు! అదిగో, తల వంచుకుని కూర్చున్నాడే!"

"జవాబు చెప్పవయ్యా!"

"చెప్పడేం? నోట్లో ఏం పెట్టుకున్నాడు?"

పాడితే జవాబు పాడి తీరాలి. మా ఆటలో అది కట్టుబాటు. బాన్ మామ డోలు పుల్లతో నా డొక్కలో పొడిచాడు. "లేవరా!"

వాద్యాలవాడు స్టేజీ మీద లేచి నిలబడడు. నేను నిలబడ్డాను. ఫిడేలు ఒక చేత్తో, కమాను ఒక చేత్తో. వందల కళ్ళు. ఒంట్లో ఒక్క మాట లేదు. ఎక్కడ వెతికినా లేదు.

తల ఊపాను.

అంతే చేశాను. గట్టిగా, రెండుసార్లు, చిన్నపిల్లాడిలా.

జనం గోల ఎలాంటిదంటే, వరద వచ్చిన రోజు కూడా అంత చప్పుడు వినలేదు. వేరుశెనక్కాయలు వానలా పడ్డాయి, ఈసారి కోపంతో కాదు. మధ్య జడ్జీగారు పక్కాయన్ను అడగడం నాకు స్పష్టంగా వినబడింది. "ఇది ఏ పేజీ?"

తెర పడింది. పడీ పడకముందే పిక్‌హా నా చొక్కా కాలరు పట్టుకుంది.

"ఎవరడిగారు నిన్ను ఆ వరస?"

"నువ్వే... వేళ్ళు..."

"నా పటకా జారిపోతోందిరా బాబూ! నువ్వు ఎండేసి బిగదీసిన పటకాయే! కొక్కెం ఊడింది. రెండు వేళ్ళతో పట్టుకోకపోతే జడ్జీల ముందు యువరాజు లాగు కనబడేది!"

కంపెనీని ముంచాను. ఆమెను మిల్లుకి పంపాను. నా రెండు చేతులతో నేనే.

"మరి ఆ పాట?" అన్నాను.

ఆమె కాలరు వదిలేసింది. రంగు పూసిన ముఖం, అయినా చెవులు ఎర్రబడటం కనిపించింది.

"వరస ఎత్తుకున్నావుగా. ఏదో ఒకటి పాడాలిగా. ఏడాదిగా నోట్లో ఉన్నదే వచ్చింది."

పోటీలో మాకు ఆఖరి స్థానం. యాప్ మాస్టారు తన కాగితాలు మడిచి, నా భుజం తట్టి, "అక్కడ నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను," అని తైపే రైలెక్కారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

మేకప్ గదిలో ఖిమ్ అత్త బట్టలు పెట్టెలో సర్దుతూ కూర్చుంది. అప్పుడు మిల్లు దొరసాని వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. అందరం లేచి నిలబడ్డాం. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఖిమ్," అంది ఆమె, "మీ పిల్ల మా ఇంటికి కోడలిగా వద్దు."

ఖిమ్ అత్త ముఖం పాలిపోయింది. "వదినగారూ, పిల్ల ఏదో తొందరపాటుగా..."

"తొందరపాటు నాది. నా కొడుక్కి పెళ్ళికూతురు ఎక్కడైనా దొరుకుతుంది. నాకు ఇంకో యువరాజు దొరుకుతాడా? ఆ పిల్ల మా వంటింట్లో అన్నం వండుతుంటే నేను వారానికోసారి దేన్ని చూసి ఏడవాలి?" రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "వచ్చే నెల మా మిల్లు దేవుడి పండగ. పండగన్నాళ్ళూ మీ ఆటే. ఆ కాగితాల ఆట కాదు, ఇవాళ్టి ఆఖరి పాట లాంటిది. కోత అయ్యాక చుట్టుపక్కల మిల్లులన్నిటికీ నేనే చెబుతాను. ఆ ఫిడేలువాణ్ణి కూడా తీసుకురండి. వాడు తల ఊపడం నేను మళ్ళీ చూడాలి."

వెళ్ళిపోయింది. గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. మొదటిసారి అందరూ నాలాగే ఉన్నారు.

చివరికి ఖిమ్ అత్త నా వైపు తిరిగింది.

"ఇలా రా."

వెళ్ళాను.

"నా కూతురు హాలందరి ముందూ నిన్ను అడిగింది. నువ్వు కాడి కట్టిన ఎద్దులా తల ఊపావు."

"అవునత్తా."

"నా ఇంట్లో పిల్లనిచ్చేది ఫిడేలుకి కాదు, తల ఊపుడికీ కాదు. నోటితో అడగాలి. మాటలతో. రేపు పొద్దున రా. అడగలేకపోయావా, ఆ నోరు కుట్టేసి పంపిస్తాను."

బాన్ మామ తల పట్టుకున్నాడు. "అయిపోయిందే అత్తా! పోటీ గెలవడమే తేలిక!"

పిక్‌హా తెర వెనక నుంచి నవ్వింది. దుంపల చేలో విన్న నవ్వే.

మర్నాడు పొద్దున నా చాప పక్కన యువరాజు బూట్లు ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగలేదు. తొడుక్కుని వెళ్ళాను.

ఖిమ్ అత్త దుంపల గంజి తాగుతోంది, ఉప్పు ముల్లంగి కొరుకుతూ. నన్ను చూసి గిన్నె పక్కన పెట్టింది. ఎదురుగా నిలబడ్డాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. గంజి మీద ఆవిరి పోయింది. ఇంకా ఏమీ రాలేదు.

ఏం చెయ్యాలో తోచక నడుం మీద రెండు వేళ్ళు పెట్టాను.

తెర వెనక నా ఫిడేలు మోగింది. ఏడుమాటల వరస. ఎంత ఘోరంగా ఉందంటే, గుమ్మంలో ఉన్న కోడి బయటికి పరిగెత్తింది.

"పిక్‌హా, ముందు ఆ పై తీగ బిగించు," అన్నాను.

మాట వచ్చింది. వచ్చిన మాటను పోనివ్వకుండా, అత్త వైపు తిరిగి, అడగవలసింది అడిగాను.